ఒక్క రోజులో పట్నం ఎట్లా చూడాలి?

ఈసారి పదో తరగతి వాళ్లను ఒక రోజు విజ్ఞానయాత్రకు హైదరాబాదు తీసుకుపోతారని మీకందరికీ తెలిసిందే. ఎవరికి ఏమేం చూడాలని ఉందో చీటీల మీద రాసి ఇవ్వమని సారు అడిగారు. చీటీలన్నీ కలిపితే పద్నాలుగు చోట్లు తేలాయి. చార్మినార్, గోల్కొండ, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, బుద్ధ విగ్రహం, రామోజీ ఫిల్మ్ సిటీ, ఇంకా ఏవేవో. ఒకరైతే విమానాశ్రయం కూడా రాశారు. వీటిలో నాలుగు మాత్రమే ఒక రోజులో పడతాయని నేనంటే హాస్టల్లో పెద్ద లొల్లి అయ్యింది. నాలుగే ఎందుకు, ఏ నాలుగు అనేది వివరంగా రాయమని సారు ఈ గోడపత్రికలో చోటిచ్చారు.

నాకెట్లా తెలుసంటే, మా మేనమామ కొంపల్లిలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. నాలుగేళ్లుగా ఎండాకాలం సెలవుల్లో నెల రోజులు అక్కడే ఉంటున్నాను. మామకు నెలకు ఒక్క రోజే సెలవు దొరుకుతుంది. చూపించేదేదైనా ఆ ఒక్క రోజులోనే చూపించాలి. అందుకని పట్నం చూడటానికి మామ దగ్గర ఒక లెక్క ఉంది. ఆ లెక్కనే మీకు చెప్తున్నాను.

మన ఆదిలాబాదు దిక్కు నుంచి పోయే బస్సులు నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్ దాటి కొంపల్లి మీదుగానే పట్నంలోకి పోతాయి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు అది. పెద్దవాళ్లు ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటారు గాని 2010లో దాని నంబరు 44గా మారింది. కొంపల్లికి కొంచెం ముందు, కండ్లకోయ దగ్గర, పట్నం చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అడ్డం వస్తుంది. రాత్రి బస్సులో పోతే సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి తెల్లారుతుంది. కళ్లు నులుముకుని చూస్తే రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లు, షోరూములు, పది పదిహేను అంతస్తుల ఇళ్లు. పట్నం వచ్చేసిందని అందరూ సంచులు దించుకుంటారు. వచ్చిన మాట నిజమే, కాని చార్మినార్ ఇక్కడి నుంచి ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పొద్దున ఏడింటికి కొంపల్లిలో బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి తిరిగి చేరాలనుకుందాం. మొత్తం పదమూడు గంటలు. పోవడానికి రావడానికి మూడు గంటలు తీసేయండి. తిండికి ఒక గంట. మిగిలింది తొమ్మిది. ఇక ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే నలభై అయిదు మందిమి బస్సు ఎక్కాలి, దిగాలి, సారు తలలు లెక్కపెట్టాలి, ఇద్దరు తక్కువైతే మళ్లీ లెక్కపెట్టాలి, టికెట్ల లైను, సంచులు అప్పగించే లైను, చెప్పులు విడిచే లైను, నీళ్లు, బాత్రూము. మధ్యలో ట్రాఫిక్ ఉండనే ఉంది. మామ దీనికి చోటుకు ఒక గంట చొప్పున వేస్తాడు. ఏమీ చూడకముందే పోయే గంట ఇది. నాలుగు చోట్లు పెట్టుకుంటే నాలుగు గంటలు పోయి అయిదు గంటలు చూడటానికి మిగులుతాయి. తొమ్మిది చోట్లు పెట్టుకుంటే తొమ్మిదీ పోయి మిగిలేది సున్నా. లెక్కల సారుకు చూపిస్తే నవ్వి, సరిగానే ఉంది అన్నారు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. మా పెద్దమ్మ కొడుకు వేరే బడిలో చదివినప్పుడు వాళ్లను ఒక్క రోజులో ఎనిమిది చోట్లకు తిప్పారు. ఏం చూశావన్నా అని అడిగితే బస్సు కిటికీ నుంచి చూసినవే చెప్తాడు. గోల్కొండ గేటు దాకా పోయి, టైము లేదని ఫోటో దిగి వెనక్కి వచ్చారట. ఆ ఫోటో ఇంట్లో గోడకుంది. కోట లోపల ఏముందో మాత్రం అన్నకు తెలియదు.

కాబట్టి మామ సూత్రం ఏమంటే, చోట్లను ఎంచుకోవద్దు, ఒక గీతను ఎంచుకోవాలి. పట్నం పటం మీద ఒక గీత గీసి, ఆ గీత మీద ఉన్నవే చూడాలి. గీతకు దూరంగా ఉన్నది ఎంత గొప్పదైనా వదిలేయాలి. కొంపల్లి నుంచి వచ్చేవాళ్లకు ఆ గీత సహజంగానే ఉంది. కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి, సికింద్రాబాదు, మూసీ నది, చార్మినార్. దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి.

ఈ గీతలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పోయేకొద్దీ పట్నం పాతదైపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు నిన్న మొన్నటిది. కొంపల్లి మామ చెప్పినదాన్ని బట్టి నేను పుట్టకముందు పొలాలు, తోటలు ఉన్న ఊరు. దాని తర్వాత కంటోన్మెంటు, అంటే మిలిటరీ వాళ్ల ప్రాంతం. తర్వాత 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఏర్పడ్డ సికింద్రాబాదు. అక్కడి నుంచి మూసీ దాటితే 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్. బస్సులో కూర్చుని నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోతున్నట్టుంటుంది. ఒక్క హుసేన్‌సాగర్ మాత్రం ఈ వరసకు లొంగదు. అది చార్మినార్ కంటే ముప్పై ఏళ్లు పెద్దది.

ఇక ప్రయాణం. మన అద్దె బస్సును కొంపల్లిలోనే ఆపేయాలని నా సలహా. పాతబస్తీ సందుల్లోకి పెద్ద బస్సు పోదు, చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు, ఎక్కడో ఆపి నడవాల్సిందే. దాని బదులు కొంపల్లిలో ఆర్టీసీ సిటీ బస్సు ఎక్కి సికింద్రాబాదులో జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర దిగాలి. పదిహేను కిలోమీటర్ల లోపే. ఏడింటికి ఎక్కితే ముప్పావు గంట, తొమ్మిదింటికి ఎక్కితే గంటన్నర. ఈ తేడా ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు, ఒక చోటు అదనంగా చూసినట్టే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు, ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ కార్డు చూపితే సున్నా రూపాయల టికెట్టు ఇస్తారు. అత్తకూ నాకూ సున్నా టికెట్లు, మామ ఒక్కడికే డబ్బుల టికెట్టు. ప్రతిసారీ మామ "నేనొక్కన్నే పైసల మనిషిని" అంటాడు.

జూబ్లీ బస్‌స్టేషన్ ఎదుటే మెట్రో రైలు స్టేషను ఉంది. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మనకు కావాల్సిన ఆకుపచ్చ లైను మాత్రం 2020 ఫిబ్రవరిలో వచ్చింది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ దాకా పదకొండు కిలోమీటర్లు. సుమారు పావుగంటలో పోతుంది. ఇదే దూరం రోడ్డు మీదైతే ముప్పావు గంటకు తక్కువ పట్టదు. మెట్రోలో సున్నా టికెట్టు చెల్లదు, అందరూ కొనాల్సిందే.

మెట్రో ఎప్పుడూ ఎక్కనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. టికెట్టుగా గుండ్రని బిళ్ల ఇస్తే, లోపలికి పోయేటప్పుడు దాన్ని గేటు మీద ఆనించాలి, గేటు తెరుచుకుంటుంది. పారేయకూడదు, దిగిన చోట బయటికి రావాలంటే అదే బిళ్లను గేటు బొక్కలో వేయాలి. తలుపులు కొన్ని క్షణాలే తెరిచి ఉంటాయి. నలభై అయిదు మంది ఒకే తలుపు దగ్గర గుమిగూడితే సగం మంది ప్లాట్‌ఫారం మీదనే మిగిలిపోతారు. పదేసి మంది చొప్పున వేరువేరు తలుపుల దగ్గర నిలబడాలి, ఒక్కో జట్టుకు ఒక పెద్ద. ఎవరైనా దాటిపోతే చివరి స్టేషనులో దిగి ఆగాలి. అదే చివరి స్టేషను కాబట్టి తప్పిపోయే భయం లేదు. కదిలే మెట్లకు భయపడేవాళ్లు మామూలు మెట్లు ఎక్కొచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా అత్త ఇప్పటికీ అట్లనే ఎక్కుతుంది.

మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే మూసీ నది పక్కన ఉంటాం. నదిని చూసి ముక్కు మూసుకోకండి, లేదా మూసుకుని అయినా చూడండి. 1908 సెప్టెంబరు 28న ఈ నదికి వచ్చిన వరదలో వేల మంది చనిపోయారు. నది ఒడ్డున, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. పద్నాలుగు చీటీల్లో ఒక్కదాంట్లోనూ ఈ చెట్టు లేదు. టికెట్టు లేదు, లైను లేదు. మనకు చింతచెట్టు అంటే తెలుసు, ఎంత ఎత్తు ఎక్కితే కొమ్మ ఎట్లా ఊగుతుందో తెలుసు. కాబట్టి నూట యాభై మంది ఒక చెట్టు మీద అంటే ఏమిటో పట్నం పిల్లల కంటే మనకే బాగా అర్థమవుతుంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాలు తీసుకుని పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆరో తరగతి పాఠంలో చెరువులు ఎందుకు కడతారని చదివాం కదా, దానికి జవాబు ఇక్కడ నిలబడి ఉంది. అయితే అది ఆస్పత్రి. గుంపుగా అరుచుకుంటూ పోకూడదు, పదేసి మంది వెళ్లి చూసి రావాలి.

అక్కడి నుంచి నయాపూల్ వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం నడిచే దూరమే. పదింటికి తెరుస్తారు. శుక్రవారం సెలవు. మసీదుల్లో ప్రార్థనలకు జనం వచ్చే రోజు కూడా శుక్రవారమే కాబట్టి ఆ రోజు పాతబస్తీ పెట్టుకోవద్దు. ఈ మ్యూజియంలోని వస్తువుల్లో చాలా వరకు నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, ఆయన పెద్దలు కూడబెట్టినవి. ఆయనకు భార్యాపిల్లలు లేరు. 1949లో చనిపోయాక ఆ వస్తువులతో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు.

లోపల గదుల మీద గదులు. అన్నీ చూడాలంటే రెండు రోజులు చాలవు. అన్నింటి ముందు నుంచి నడుచుకుంటూ పోయేవాళ్లు చివరికి ఒక్కటీ చూడనట్టే. నేనైతే మూడు చాలంటాను. ఒకటి మేలిముసుగు రెబెక్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నారు. ముఖం మీద తడి గుడ్డ కప్పినట్టే ఉంటుంది, కాని ఆ గుడ్డ కూడా రాయే. రెండోది ఒకే చెక్కలో రెండు పక్కలా రెండు బొమ్మలు. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగవాడు, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి. మూడోది గంటల గడియారం. గంట కాగానే తలుపు తెరుచుకుని ఒక చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఇంకో బొమ్మ కమ్మరిలాగా సెకనుకొక దెబ్బ సుత్తితో కొడుతూనే ఉంటాడు. అందరూ పన్నెండింటికి చూడాలంటారు, పన్నెండు దెబ్బలు ఉంటాయని. నిజమే, కాని ఆ వేళకు ముందు కూర్చున్నవాళ్ల తలలు తప్ప ఏమీ కనపడవు. పదకొండింటికి చూడండి. ఒక్క దెబ్బే తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్ల నుంచి పట్నం పోయేది ఎక్కువగా చూడటానికి కాదు, ఆస్పత్రికి. పోయిన ఎండాకాలం మా అమ్మను ఆస్పత్రిలో చూపించడానికి తీసుకొచ్చారు. రక్తం తీసుకున్నాక, రిపోర్టు సాయంత్రం నాలుగింటికి ఇస్తామన్నారు. పదింటి నుంచి నాలుగు దాకా ఏం చేయాలి? అమ్మ వరండాలో తువ్వాలు పరుచుకుని కూర్చుంటానన్నది. అక్కడ అట్లా కూర్చున్నవాళ్లు వంద మంది ఉంటారు. మామ ఊరుకోలేదు. "అక్కా, రిపోర్టు నువ్వు కూసున్నా గప్పుడే వస్తది, తిరిగొచ్చినా గప్పుడే వస్తది" అని లేపాడు. ఈ మెట్రో గీత మీద గాంధీ ఆస్పత్రికి ఒక స్టేషను ఉంది. ఉస్మానియా ఆస్పత్రి చివరి స్టేషనుకు దగ్గర. కాబట్టి ఈ రెండు ఆస్పత్రులకు వచ్చినవాళ్లకు నాలుగు గంటలు దొరికినా చార్మినార్ చూసి రావొచ్చు. అమ్మ ఆ రోజు చార్మినార్ ఎక్కలేదు, ఆయాసం. కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూసింది. మూడున్నరకు తిరిగి వచ్చాం, రిపోర్టు అయిదింటికి గాని రాలేదు. మీ ఇళ్లల్లో ఎవరైనా ఆస్పత్రి పని మీద పోతుంటే ఈ సంగతి చెప్పండి. కాకపోతే మనిషి నడవగలిగేలా ఉండాలి, పరగడుపున ఉంచారా అని నర్సును అడగాలి, చీటీలు ఒకరి దగ్గరే ఉంచుకోవాలి.

మ్యూజియం నుంచి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ ఒక కిలోమీటరు చిల్లర. నడవాలి. ఈ నడకే సగం చూడటం. అత్తర్లు, ముత్యాలు, పెళ్లి బట్టలు, పుస్తకాలు, ఇరానీ చాయ్. మధ్యలో నాలుగు పెద్ద కమానులు వస్తాయి, చార్‌కమాన్ అంటారు. వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. చార్మినార్ లోపల మెలికలు తిరిగిన ఇరుకు మెట్లు ఉంటాయి, మొదటి అంతస్తు దాకానే రానిస్తారు. పై అంతస్తులో మసీదు ఉంది. ఊళ్లో ప్లేగు పోయినందుకు కట్టించాడని చెప్పుకుంటారు. పైకి పోతే ముఖ్యంగా నాలుగు దిక్కులా పోయే నాలుగు రోడ్లను చూడండి. ఊరు పుట్టినప్పుడే ఈ కట్టడాన్ని నడుమ పెట్టి రోడ్లు వేశారు. పక్కనే మక్కా మసీదు. కుతుబ్ షాహీల కాలంలో మొదలై, వాళ్ల రాజ్యం పోయాక 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయ్యింది.

లాడ్‌బజార్‌లో గాజులు కొనాలని ఆడపిల్లల చీటీల్లో ఉంది. అవి లక్క గాజులు. లక్క ఎక్కడిది? మోదుగు, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు చేసే జిగురే కదా. మన అడవి సరుకే. దాన్ని కాచి, రంగు కలిపి, సాగదీసి, చుట్టి, రాళ్లు అతికి గాజు చేస్తారు. కొన్ని దుకాణాల ముందు కూర్చుని చేస్తుంటే చూడొచ్చు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మొదట చెప్పిన ధరకు కొనేవాళ్లను అక్కడ ఎవరూ ఉంచుకోరు, నవ్వుతారు. సగానికి అడగండి.

తిరుగు ప్రయాణం మెట్రోలో వద్దు. అఫ్జల్‌గంజ్‌కు నడిచి వచ్చి, ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాదు పోయే బస్సు ఏదో కండక్టరును అడిగి ఎక్కాలి. నాలుగింటికల్లా ఎక్కితే అయిదింటికి హుసేన్‌సాగర్ కట్ట మీద ఉంటాం. నీళ్ల నడుమ బుద్ధుడు నిలబడి ఉంటాడు, ఒకే రాయిలో 58 అడుగులు. భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి ఆ రాయి తెచ్చారు. 1990 మార్చిలో పడవ మీద తీసుకుపోతుంటే ఒరిగి నీళ్లలో పడిపోయింది, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా బుద్ధుడు సాగర్ అడుగున పడుకునే ఉన్నాడు. 1992 డిసెంబరులో లేపి నిలబెట్టారు. పడవ టికెట్టు కొని దగ్గరికి పోవాల్సిన పని లేదు, కట్ట మీద నుంచే బాగా కనిపిస్తాడు. ఆ డబ్బులకు మిర్చి బజ్జీలు తినొచ్చు. అదే కట్ట మీద వరసగా ఉన్న పెద్దల విగ్రహాల్లో మన కొమురం భీం ఉన్నాడు. నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం విడిచినవాడు నిజాం రాజధాని నడిబొడ్డున నిలబడ్డాడు. అందరం ఒక్కచోట నిలబడి ఫోటో దిగాలంటే నా ఓటు అక్కడికే.

ఇక వదిలేసినవాటి గురించి. గోల్కొండ వదలడం నాకూ కష్టంగానే ఉంది. గేటు దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన కొండ మీద వినిపించే చోటు, కంచర్ల గోపన్నను ఖైదు చేసిన చోటు. కాని అది గీతకు పడమర దిక్కున దూరంగా ఉంది, పైదాకా ఎక్కి దిగితేనే మూడు గంటలు. దానికి ఇంకో రోజు ఉండాలి. రామోజీ ఫిల్మ్ సిటీ పూర్తిగా వేరే దిక్కు, అది ఒక్కటే ఒక రోజు. జూపార్కు 1963లో తెరిచారు, 380 ఎకరాలు, సోమవారం సెలవు. కవ్వాల్ పులుల అడవి పక్కన ఉన్న మనం బోనులో పులిని చూడటానికి మూడు వందల కిలోమీటర్లు పోవడం ఏమిటో నాకు అర్థం కాదు. ఏనుగును చూడలేదని ఏడో తరగతి తమ్ముళ్లు అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మాసబ్ ట్యాంక్ దగ్గర నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. గోండులు, కోయలు, చెంచులు, లంబాడాలు ఎట్లా బతుకుతారో అక్కడ బొమ్మలతో చూపిస్తారు. మన డోలు, మన కుండ చూడటానికి పట్నం దాకా ఎందుకని కొందరన్నారు. నేను ఒప్పుకోను. మన ఇంట్లో ఉన్నదాన్ని పక్కవాడు ఏమని పేరు పెట్టి చూపిస్తున్నాడో మనం చూడాలి, తప్పుంటే చెప్పాలి. కాని అదీ గీత మీద లేదు. సంక్షేమ భవన్‌కు సర్టిఫికెట్ల పని మీద, స్కాలర్‌షిప్పుల పని మీద మన అన్నలు అక్కలు పోతుంటారు, అది ఆ ఆవరణలోనే. వాళ్లు ముందుగా తెరిచి ఉందో లేదో కనుక్కుని ఒక గంట అక్కడ గడపాలని నా కోరిక.

చివరగా, సికింద్రాబాదులో ఆరింటి తర్వాత బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. మేడ్చల్ బోర్డు ఉన్న బస్సు ఏదైనా కొంపల్లి మీదుగానే పోతుంది, ఒకే బస్సుకు అందరం ఎగబడవద్దు. ప్రతి జట్టు పెద్ద దగ్గర సారు ఫోను నంబరు, దిగాల్సిన స్టాపు పేరు కాగితం మీద రాసి ఉండాలి. సుచిత్ర దాటగానే లేచి తలుపు దగ్గరికి జరగండి. కొంపల్లిలో దిగలేకపోతే ఆ బస్సు మిమ్మల్ని మేడ్చల్ దాకా తీసుకుపోతుంది.